మోడల్ రైల్వే భవనాలకు సహజమైన పైకప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మోడల్ రైల్వే భవనాలు కట్టేవారిలో చాలామంది గోడలమీద, కిటికీలమీద వారాల తరబడి శ్రమిస్తారు. కప్పు దగ్గరకు వచ్చేసరికి ఓపిక సన్నగిల్లి, ఒక్క సాయంత్రంలో అట్టముక్క అతికించి నల్లరంగు పూసి ముగిస్తారు. ఆ కప్పులు ఎందుకు సహజంగా కనిపించవో, వాటిని ఎలా సరిచేసుకోవాలో ఈ ప్రశ్నోత్తరాలు వివరిస్తాయి. ప్రత్యేకంగా చెప్పని చోట్ల కొలతలన్నీ 1:87 నిష్పత్తిలో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా ఉండే హెచ్‌ఓ స్కేలుకు చెందినవి. జవాబులన్నింటిలోనూ ఒకే ఆలోచన మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పైకప్పు పని వాననీటిని పట్టి కిందికి నడిపించడం కాబట్టి, దానిమీద కనిపించే ప్రతి అతుకు, ప్రతి మరక నీటి దారిని బట్టే ఏర్పడతాయి.

గోడలకన్నా కప్పుకు అంత ప్రాధాన్యం ఎందుకు ఇవ్వాలి?

మనం చూసే కోణమే అందుకు కారణం. నిజమైన వీధిలో నిలబడినవారికి గోడలు, తలుపులు కనిపిస్తాయి కానీ కప్పు అంతగా కనిపించదు. మోడల్ ముందు నిలబడినప్పుడు ఇది తారుమారవుతుంది. మన కళ్లు భవనానికి 40 సెం.మీ. ఎత్తున ఉంటే, స్కేలు లెక్కలో దాదాపు 35 మీటర్ల ఎత్తునుంచి, అంటే పది అంతస్తుల మేడమీదినుంచి చూస్తున్నట్టు. అక్కడినుంచి మొదట కంటబడేది కప్పే. దూరం విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది: 60 సెం.మీ. దూరం అంటే 52 మీటర్లు. అంత దూరంలో ఒక్కొక్క మేకు కనిపించదు కానీ వరుసల గీతలు, రంగులోని హెచ్చుతగ్గులు, చూరు అంచు మందం స్పష్టంగా తెలుస్తాయి. శ్రమ ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

ఏ భవనానికి ఏ కప్పు వేయాలో ఎలా నిర్ణయించుకోవాలి?

ముందు వాలును చూడండి, ఆ తరువాతే సామగ్రిని ఎంచుకోండి. కప్పుమీద పరిచే ముక్కలు ఎంత చిన్నవిగా, ఎంత వదులుగా ఉంటే, గాలికి నీరు వాటి కిందికి ఎగదన్నే అవకాశం అంత ఎక్కువ కాబట్టి, వాలు అంత నిటారుగా ఉండాలి. గడ్డికప్పుకు దాదాపు 45 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువ వాలు కావాలి. తారు షింగిల్స్‌ను, అంటే కప్పుమీద వరుసలుగా పరిచే పలుచని తారు పలకలను, సాధారణంగా 12 పాళ్ల అడ్డానికి 4 పాళ్ల ఎత్తు, అంటే సుమారు 18 డిగ్రీలకన్నా తక్కువ వాలుమీద వేయరు. పొడవాటి ముడతల రేకులకు అంతకన్నా తక్కువ వాలు కూడా సరిపోతుంది. తారు, గులకరాళ్లు పరిచిన సమతల కప్పుకు 48 పాళ్లకు 1 పాలు వాలు చాలు. గిడ్డంగికి దాదాపు సమతలంగా ఉండే కప్పు పెట్టి దానిమీద పలకరాళ్లు అతికిస్తే, చూసేవారికి కారణం చెప్పడం రాకపోయినా, ఏదో తేడా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

కాలాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. ముడతల ఇనుపరేకు 1829లో లండన్‌లో హెన్రీ రాబిన్సన్ పామర్ పేటెంటుతో మొదలైంది. తారు షింగిల్స్ 20వ శతాబ్దపు తొలినాళ్లలో వాడుకలోకి వచ్చాయి. అందువల్ల 1880ల నాటి పట్టణాన్ని నిర్మిస్తున్నవారు ఇళ్లమీద తారు షింగిల్స్ కాక, చెక్క షింగిల్స్, పలకరాళ్లు, రేకులు వేయాలి.

కప్పు ముక్కల కొలతలు ఎలా లెక్కకట్టాలి?

లెక్కను గోడ వెడల్పుతో కాక, చూరును కలుపుకొన్న వెడల్పుతో మొదలుపెట్టాలి. ఉదాహరణకు గోడల మధ్య వెడల్పు 80 మి.మీ., రెండువైపులా చూరు 300 మి.మీ. ముందుకు రావాలనుకుందాం. 300ను 87తో భాగిస్తే దాదాపు 3.5 మి.మీ. వస్తుంది కాబట్టి మొత్తం వెడల్పు 87 మి.మీ., అందులో సగం 43.5 మి.మీ. వాలు 30 డిగ్రీలైతే ఆ సగాన్ని 30 డిగ్రీల కొసైన్ విలువ 0.866తో భాగించాలి. వచ్చే 50.2 మి.మీ. ఒక్కో వాలు పొడవు. కొప్పు, అంటే రెండు వాలులూ పైన కలిసే అంచు, ఎత్తు చూరు మట్టంనుంచి 25.1 మి.మీ. అవుతుంది.

నాలుగువైపులా వాలు ఉండే కప్పు చాలామందిని తికమకపెడుతుంది, నిజానికి అది కూడా ఇంతే సులువు. నాలుగు వాలులూ సమానమైతే, చివర్లలో ఉండే త్రిభుజం అడుగు 87 మి.మీ., ఎత్తు అదే 50.2 మి.మీ. ఉంటాయి. దాని పక్క భుజాలు, అంటే మూలవాసాల పొడవు, 43.5 వర్గాన్నీ 50.2 వర్గాన్నీ కలిపి వర్గమూలం తీస్తే 66.4 మి.మీ. వస్తుంది. భవనంమీద నిలువునా కొలిచి త్రిభుజం గీసేవారు 25 మి.మీ. ఎత్తును వాడి పొట్టి ముక్క కోస్తారు. మూలల దగ్గర సందులు రావడానికి ఎక్కువసార్లు ఈ పొరపాటే కారణం. లెక్క పూర్తయ్యాక ముందుగా పాత అట్టమీద కోసి, భవనంమీద పెట్టి చూసుకోవాలి. రెండు ముక్కలు కొప్పు దగ్గర సందు లేకుండా కలవాలంటే పై అంచును వాలు ఎన్ని డిగ్రీలో అన్ని డిగ్రీలు ఏటవాలుగా అరగదీయాలి.

అడుగు కప్పుకు ఏ పదార్థం మంచిది? నా కప్పు కొద్దిరోజులకే వంగిపోయింది, ఎందుకు?

స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటు, దళసరి అట్ట, సన్నని ప్లైవుడ్ మూడూ పనికొస్తాయి. నేను 1 మి.మీ. స్టైరీన్‌ను ఇష్టపడతాను. కోయడం సులువు, తేమకు ఉబ్బదు, అంచులు శుభ్రంగా వస్తాయి.

వంగిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒకవైపు మాత్రమే తడి, ఒకవైపు మాత్రమే ఎండడం. నీటితో కలిసిన జిగురు అట్టకు పూసినప్పుడు ఆవైపు పీచు ఉబ్బుతుంది, ఎండేటప్పుడు ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. నేను మొదట కట్టిన స్టేషన్ భవనానికి తెల్ల జిగురుతో రాత్రి షింగిల్స్ అతికించి పడుకుంటే, తెల్లవారేసరికి కప్పు నాలుగు మూలలూ పడవలా పైకి లేచి ఉన్నాయి. బరువు పెట్టి ఎన్నాళ్లుంచినా అవి దిగిరాలేదు. అందుకే అట్ట వాడేటప్పుడు పైభాగానికి ఏది పూస్తే కింది భాగానికీ అదే పూయాలి. రంగుకు కూడా ఈ నియమమే వర్తిస్తుంది. కింద 30 నుంచి 40 మి.మీ. ఎడంతో త్రిభుజాకారపు అడ్డుపట్టీలు అతికిస్తే కప్పు బిగువుగా ఉంటుంది, వాలు కోణం కూడా మారదు.

స్టైరీన్‌కు మరో రకమైన ప్రమాదం ఉంది. రెండు పెద్ద షీట్లను ద్రావక జిగురుతో పూర్తిగా అతికిస్తే, మధ్యలో చిక్కుకున్న ఆవిరి బయటపడే దారిలేక ప్లాస్టిక్‌ను నెలల తరబడి మెత్తబరుస్తూ వంచుతుంది. లోపలి షీటుకు అక్కడక్కడ చిన్న రంధ్రాలు పెట్టి, జిగురును పొదుపుగా వాడితే ఈ ఇబ్బంది రాదు. ఈ జిగురుల ఆవిరి ఆరోగ్యానికి హానికరం కాబట్టి గాలి బాగా ఆడేచోటే పనిచేయాలి.

చూరు అంచు బొమ్మ ఇల్లులా మందంగా కనిపిస్తోంది. ఏం చేయాలి?

1.5 మి.మీ. మందమున్న షీటు నిజమైన కొలతలో 130 మి.మీ. మందపు పలకతో సమానం. ఏ ఇంటి చూరూ అంత మందంగా ఉండదు. చూరు అంచును కిందివైపునుంచి 0.5 మి.మీ. మందం వచ్చేదాకా ఏటవాలుగా అరగదీయండి. వాసాల కొనలు బయటికి కనిపించే భవనమైతే, 600 మి.మీ. ఎడానికి ఒకటి చొప్పున, అంటే 7 మి.మీ. దూరంలో సన్నని పుల్లలు అతికించండి. ఈ ఒక్క మార్పుతో, విడిభాగాలుగా కొని అతికించే సాధారణమైన కిట్ భవనం కూడా వేరుగా కనిపిస్తుంది.

కాగితంతో షింగిల్స్ చేయడం ఎలా?

ముందుగా మందం గురించి చెప్పాలి, ఎందుకంటే మార్కెట్లో దొరికే, అచ్చుపోసిన ప్లాస్టిక్ షీట్లలో ఎక్కువ లోపం అక్కడే ఉంటుంది. చెక్క షింగిల్ కింది అంచు మందం సుమారు 10 మి.మీ. ఉంటుంది. దాన్ని 87తో భాగిస్తే 0.11 మి.మీ. వస్తుంది. మామూలు 80 జీఎస్‌ఎం కాగితం మందం దాదాపు ఇంతే. చేతితో చీల్చిన దళసరి చెక్కపలకలకు 0.2 మి.మీ. పలుచని అట్ట సరిపోతుంది. తారు షింగిల్ అయితే 3, 4 మి.మీ. మాత్రమే ఉంటుంది కాబట్టి, దొరికినవాటిలో అతి పలుచని కాగితం వాడినా అది స్కేలుకు మించిన మందమే. అయినా కొద్దిపాటి మందం వల్ల వరుసల నీడ కంటికి అందుతుంది కాబట్టి దాన్ని తప్పుగా భావించనవసరం లేదు.

తారు షింగిల్ షీటు 36 అంగుళాల పొడవుతో, 12 అంగుళాల వెడల్పున్న మూడు నాలుకలుగా కత్తిరించి ఉంటుంది. అతికించాక ఒక్కో వరుసలో బయటికి కనిపించేది 5 అంగుళాలు. హెచ్‌ఓలో నాలుక వెడల్పు 3.5 మి.మీ., కనిపించే భాగం 1.5 మి.మీ. కన్నా కొద్దిగా తక్కువ అవుతాయి. కాగితాన్ని 3.5 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, ప్రతి 3.5 మి.మీ.కు ఒకచోట 1.5 మి.మీ. లోతున గాటు పెట్టాలి. గాటు పట్టీని దాటి పోకూడదు. కోయడానికి ముందే కాగితానికి ముదురు బూడిదరంగు వేసుకుంటే, తరువాత సందుల్లో తెల్లదనం కనిపించదు.

అడుగు కప్పుమీద చూరునుంచి కొప్పుదాకా 1.5 మి.మీ. ఎడంతో పెన్సిలు గీతలు గీయండి. పైన చెప్పిన 50 మి.మీ. వాలుకు దాదాపు 34 వరుసలు పడతాయి. పని ఎప్పుడూ చూరు దగ్గర మొదలై పైకి సాగాలి. పై వరుస కింది వరుసను కప్పుకుంటేనే నీరు లోపలికి దిగదు. మొదట గాట్లు లేని పట్టీ ఒకటి అతికించి, దానిమీదే మొదటి వరుస వేయాలి. నిజమైన పనివాళ్లూ ఇలాగే చేస్తారు, లేకపోతే మొదటి వరుస గాట్లలోంచి నీరు నేరుగా చెక్కమీద పడుతుంది. రెండో వరుసను సగం నాలుక మేర పక్కకు జరపాలి. కింది గాటుమీద పై గాటు నేరుగా ఎక్కడా రాకూడదు. అయిదు వరుసలకు ఒకసారి కొప్పు గీతనుంచి రెండు చివర్లలోనూ దూరం కొలుచుకోండి. అర మిల్లీమీటరు తేడాను అక్కడే తరువాతి నాలుగు వరుసల్లో సర్దుకోవచ్చు. ముప్పయ్యో వరుసలో గమనిస్తే ఇక చేయగలిగిందేమీ ఉండదు.

చెక్క షింగిల్స్‌కు ముక్కల వెడల్పు ఒకేలా ఉండకూడదు. 1 మి.మీ. నుంచి 3.5 మి.మీ. దాకా కలగలుపుగా గాట్లు పెట్టండి, కొన్నింటి కొనలను వెంట్రుకవాసి పొట్టిగా కత్తిరించండి. రెండు వాలులు లోపలికి కలిసే లోయ భాగంలో ముందుగా బూడిదరంగు కాగితపు పట్టీ ఒకటి మడిచి అతికించి, షింగిల్స్‌ను దాని మధ్యగీతకు రెండువైపులా 1 మి.మీ. దూరంలో ఆపేయాలి. కొప్పుమీద 3.5 మి.మీ. ముక్కలను నడుమ మడిచి, ఒకదానిమీద ఒకటి ఎక్కేలా అతికించాలి. ఆ ముక్కల తెరిచిన అంచు గాలి ఎక్కువగా వీచే దిక్కుకు ఎదురుగా ఉండకూడదు. ఇంత చిన్న సంగతి ఎవరు చూస్తారని అనిపించవచ్చు. కట్టేవారికి తెలిసి ఉంటే చాలని నా అభిప్రాయం.

ముడతల రేకులను స్కేలుకు తగినట్టు చేయడం ఎలా?

రేకులో ఒక ముడతనుంచి మరో ముడతకు మామూలు దూరం 3 అంగుళాలు, అంటే 76 మి.మీ. హెచ్‌ఓలో అది 0.87 మి.మీ. అవుతుంది. అల్యూమినియం ఫాయిల్‌ను తగిన గీతలున్న స్టైరీన్ షీటుమీద పెట్టి, మొద్దుగా ఉన్న పుల్లతో రుద్దితే రేకు తయారవుతుంది. అలాంటి షీటు దొరకనివారు మరచుట్లున్న కడ్డీని వాడుకోవచ్చు. ఎం5 బోల్టు చుట్ల మధ్య దూరం 0.8 మి.మీ. కాబట్టి హెచ్‌ఓకు అది దగ్గరగా సరిపోతుంది. 1:160 ఉండే ఎన్ స్కేలుకు 0.5 మి.మీ. చుట్లున్న ఎం3, 1:48 ఉండే ఓ స్కేలుకు 1.5 మి.మీ. చుట్లున్న ఎం10 చాలా చక్కగా కుదురుతాయి. దళసరి ఫాయిల్‌ను మెత్తని రబ్బరు పలకమీద పరిచి, కడ్డీని గట్టిగా నొక్కుతూ ఒకేసారి దొర్లించాలి. మరచుట్టు వంపువల్ల గీతలు దొర్లించిన దిశకు రెండు మూడు డిగ్రీలు పక్కకు వాలి పడతాయి. అందువల్ల ఫాయిల్ అంచును కాక, పడిన గీతలనే ఆధారంగా తీసుకుని ముక్కలు కోయాలి.

కప్పు మొత్తాన్ని ఒకే పెద్ద ముక్కతో కప్పేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఒక్కో రేకు కప్పే వెడల్పు 600 మి.మీ. చిల్లర, పొడవు 8 లేదా 10 అడుగులు ఉంటుంది. హెచ్‌ఓలో వెడల్పు 7 మి.మీ., పొడవు 28 లేదా 35 మి.మీ. విడివిడిగా కోసిన ముక్కలను చూరునుంచి పైకి పరుస్తూ, పక్కల ఒక ముడత, పైన 1.7 మి.మీ. ఒకదానిమీద ఒకటి ఎక్కించి అతికించాలి. వాటి మధ్య వచ్చే సన్నని మెట్టు, కాస్త పక్కకు తిరిగిన ఒకటి రెండు రేకులు, రంగు తేడాగా ఉన్న ఒక కొత్త రేకు కప్పుకు ప్రాణం పోస్తాయి. ఫాయిల్ ముడతలు వేలి ఒత్తిడికే చదునవుతాయి కాబట్టి ముక్కలను పట్టకారుతో పక్క అంచుల దగ్గరే పట్టుకోవాలి.

తుప్పు కోసం ఫాయిల్‌ను ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచే పద్ధతి ఒకటి ఉంది. ఫలితం అద్భుతంగా ఉంటుంది. అయితే ఆ చర్యలో వేడి, ఆవిరి పుట్టుకొస్తాయి, ఫాయిల్ చూస్తుండగానే కరిగిపోతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా, గాలి ఆడని గదిలో ఆ పని చేయవద్దు. స్పాంజి ముక్కతో మూడు నాలుగు గోధుమ ఛాయలు అద్దినా తృప్తికరమైన తుప్పు వస్తుందని నా అనుభవం.

నిలువు అతుకుల లోహపు కప్పు ఎలా?

నునుపైన స్టైరీన్‌మీద కొప్పునుంచి చూరుదాకా 5 మి.మీ. ఎడంతో సన్నని పట్టీలు అతికిస్తే సరిపోతుంది. నిజమైన అతుకు ఎత్తు సుమారు 25 మి.మీ. కాబట్టి 0.25 మి.మీ.కు మించిన పట్టీ వాడకండి. ఎడం ఒకేలా రావడానికి 5 మి.మీ. వెడల్పున్న అట్టముక్కను మధ్యలో పెట్టుకుంటూ అతికించడం మేలు.

మట్టిపెంకుల కప్పును చేత్తో చేయాలా, అచ్చు షీటు వాడాలా?

అచ్చు షీటే వాడండి. వేలకొద్దీ పెంకులను చేత్తో చేయడం సాధ్యమే అయినా, ఆ శ్రమకు తగిన తేడా కనిపించదు. షీటు చూరు దగ్గర మూసుకుపోయినట్టు ఉంటుంది కాబట్టి, సన్నని గుండ్రని ఆకురాయితో ప్రతి పెంకు చివర కింద కొద్దిగా తొలిచి బోలుగా కనిపించేలా చేయండి. కొప్పు పెంకుల కోసం కరెంటు తీగమీది ప్లాస్టిక్ తొడుగును నిలువునా చీల్చి ముక్కలుగా కోసుకోవచ్చు. రంగు వేసేటప్పుడు నూటికి పది పెంకులకు కాస్త ముదురు, మరో పదింటికి కాస్త లేత ఛాయ వేస్తే చాలు. ప్రతి పెంకుకూ వేరే రంగు వేస్తే కప్పు గళ్లగుడ్డలా మారిపోతుంది.

సమతల కప్పుమీద ఏమేమి ఉండాలి?

సమతల కప్పు ఖాళీగా ఉంటుందనుకోవడం పొరపాటు. ముందుగా కప్పును పిట్టగోడల అంచు మట్టంలో కాక, వాటికి 6 నుంచి 12 మి.మీ. దిగువన పెట్టాలి. నీరు వెళ్లే వైపు కొద్దిపాటి వాలు ఇవ్వాలి. 100 మి.మీ. పొడవుకు 2 మి.మీ. దిగితే చాలు. ఆ చివర పిట్టగోడకు తూము, దాని కింద గోడమీద నీటి గొట్టం ఉండాలి. తూము లేని పిట్టగోడల మధ్య కప్పు అంటే నీటి తొట్టి కట్టినట్టే. కిట్లలో వచ్చే భవనాల్లో సగానికి సగం ఈ లోపంతోనే ఉంటాయి.

తారు కాగితం చుట్టల వెడల్పు 914 మి.మీ. ఉంటుంది. అంటే హెచ్‌ఓలో 10.5 మి.మీ., ఎన్‌లో 5.7 మి.మీ. పలుచని టిష్యూ కాగితం లేదా మాస్కింగ్ టేపు పట్టీలను ఆ వెడల్పున కోసి, పల్లపు చివరనుంచి మెరకవైపు ఒక మిల్లీమీటరు చొప్పున ఎక్కిస్తూ అతికించాలి. అతుకుల వెంబడి నిగనిగలాడే నల్లరంగుతో సన్నని, కాస్త వంకరపోయిన గీత గీస్తే తారు పూసినట్టే ఉంటుంది. పిట్టగోడ లోపలి ముఖానికి కూడా ఈ కాగితాన్ని 3 మి.మీ. ఎత్తుదాకా ఎక్కించాలి.

గులకరాళ్లు పరిచిన కప్పుకు ఉప్పు కాగితం వాడే అలవాటు పాతదే. ఏ నంబరు కాగితం అన్నది మాత్రం లెక్కతో తేల్చుకోవాలి. 10 మి.మీ. రాయి హెచ్‌ఓలో 0.11 మి.మీ. అవుతుంది. 120 లేదా 150 నంబరు కాగితంలోని రేణువులు దాదాపు ఆ పరిమాణంలోనే ఉంటాయి. ఎన్ స్కేలుకు 220 లేదా 240 సరిపోతుంది. కాగితాన్ని ఉన్నదున్నట్టు వదిలేయకుండా బూడిదరంగు వేసి, పైన లేతరంగు పొడికుంచెతో, అంటే రంగును దాదాపు తుడిచేసిన కుంచెతో, తేలికగా తుడవాలి. గాలిగొట్టాలు, కప్పుమీదికి ఎక్కే తలుపు, గాజు కిటికీ, చదరపు అతుకులు ఒకటి రెండు పెట్టండి. ప్రతి వస్తువుకూ కింద దాని గదితో సంబంధం ఉండాలి. వంటగది మీద పొగ గొట్టం, స్నానాల గది మీద సన్నని గాలిగొట్టం ఉన్నట్టు ఊహించుకుంటే వాటి స్థానం దానంతటదే తేలుతుంది.

పొగగొట్టం కప్పుమీద తేలుతున్నట్టు కనిపిస్తోంది. ఎందుకు?

రెండు లోపాలు ఉండవచ్చు. పొగగొట్టం అడుగును వాలుకు సరిగ్గా కోయకపోతే కింద సందు కనిపిస్తుంది. కప్పుకు రంధ్రం చేసి గొట్టాన్ని లోపలికి దింపడం సులువైన పరిష్కారం. రెండోది ఫ్లాషింగ్ లేకపోవడం. ఇటుక గోడ, కప్పు కలిసేచోట నీరు దిగకుండా పలుచని సీసపు రేకును ఇటుక వరుసలకు తగినట్టు మెట్లుమెట్లుగా అమరుస్తారు. ఒక ఇటుక వరుస ఎత్తు సుమారు 75 మి.మీ., హెచ్‌ఓలో 0.9 మి.మీ. లేత బూడిదరంగు వేసిన కాగితపు పట్టీని ఆ మెట్లతో కోసి అతికించండి. వాలు పైభాగంనుంచి వచ్చే నీరు గొట్టం వెనక నిలవకుండా, వెడల్పైన పొగగొట్టాల వెనక చిన్న జీనులాంటి కప్పు కూడా కడతారు. పొగ బాగా లాగాలంటే కొప్పుకు దగ్గరగా ఉన్న గొట్టం కొప్పుకన్నా కనీసం 600 మి.మీ., అంటే 7 మి.మీ. పైకి ఉండాలి.

కప్పుకు నల్లరంగు వేయకూడదా?

శుద్ధమైన నలుపు వేయకూడదు. ఎండకు వెలిసిన తారు బూడిదరంగులోకి మారుతుంది. దానికితోడు దూరంనుంచి చూసే వస్తువుల రంగు గాలిలోని మసకవల్ల పాలిపోయినట్టు ఉంటుంది. ముదురు బూడిదతో మొదలుపెట్టి, నలుపును నీడలకు, కొత్తగా పూసిన తారు గీతలకు మాత్రమే దాచుకోండి. చెక్క షింగిల్స్ కూడా కొత్తగా ఉన్నప్పుడే గోధుమరంగు, కొన్నేళ్లకు వెండిబూడిద రంగుకు తిరుగుతాయి.

వాతావరణపు మరకలు సహజంగా రావాలంటే ఎలా?

కుంచె ముట్టుకునే ముందు కప్పును చేతిలోకి తీసుకుని, కొప్పుమీద పడిన వానచుక్క ఎటు జారుతుందో, ఎక్కడ ఆగుతుందో వేలితో అనుసరించి చూడండి. మరకలన్నీ ఆ దారిలోనే ఉంటాయి. వాలు కప్పుమీద చారలు కొప్పునుంచి చూరుకు నిటారుగా దిగాలి, అడ్డంగా ఒక్కటి కూడా ఉండకూడదు. లోయల్లో రెండు వాలుల నీరు కలుస్తుంది కాబట్టి అక్కడ మురికి ఎక్కువ. సమతల కప్పుమీద తూము చుట్టూ నీరు నిలిచి ఎండిన వలయాలు, ఒండ్రు రంగు ఉంటాయి.

తుప్పు రేకంతా ఒకేసారి పట్టదు. జింకు పూత తెగిన చోట్ల, అంటే కోసిన అంచులు, మేకుల రంధ్రాలు, తేమ నిలిచే అతుకుల దగ్గర మొదలై కిందికి జారుతుంది. నాచు నీడపట్టున, చెట్టు కింద, చూరు దగ్గరి వరుసల అంచుల్లో పడుతుంది. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన వివరం ఒకటి ఉంది. జింకు, రాగి, సీసపు ఫ్లాషింగ్‌లమీదుగా జారిన నీటిలో ఆ లోహపు జాడలు కలిసి నాచును పెరగనీయవు కాబట్టి, పాత ఇళ్లలో పొగగొట్టం కింద కప్పు శుభ్రంగా ఒక పట్టీలా కనిపిస్తుంది. కప్పంతా పచ్చగా మరకలు వేసి, ఆ పట్టీని మాత్రం వదిలేసి చూడండి. ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పొగగూళ్ల చుట్టూ మసి దట్టంగా ఉండి, చూరువైపు పోయేకొద్దీ పలచబడాలి.

సాధనాల విషయానికొస్తే, అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒకటి రెండు చెంచాల ఇండియన్ ఇంకు కలిపిన పలుచని ద్రావణం అన్ని కప్పులకూ పనికొస్తుంది. వాలు కప్పును దాని సహజమైన కోణంలోనే నిలబెట్టి పూస్తే ద్రావణం తానే వరుసల కింద చేరుకుంటుంది. అది ఎండాక లేతరంగుతో పొడికుంచె, చివరగా మెత్తగా నూరిన సుద్దపొడి వాడాలి. ఆల్కహాల్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి మంట దగ్గర వాడకండి.

ఇంకు ద్రావణం పూశాక కప్పు తెల్లబారింది. పాడైనట్టేనా?

పాడవలేదు. మెరుపు తగ్గించే లక్కపూత మీద ఆల్కహాల్ పడితే అలా తెల్లటి పొర వస్తుంది. అదే పూతను మళ్లీ పలుచగా చిమ్మితే చాలావరకు పోతుంది. ఎండకు వెలిసిన చెక్క షింగిల్స్‌కు ఆ తెలుపు బాగానే నప్పుతుంది కూడా. సుద్దపొడి విషయంలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. పైన పూత చిమ్మగానే పొడి సగం మాయమవుతుంది. అందువల్ల పొడిని కావలసినదానికన్నా కాస్త ఎక్కువగా వేసుకోవాలి, లేదా పూతే లేకుండా వదిలేయాలి.

లోపల దీపాలు పెట్టాలి. కప్పు తీసి పెట్టుకునేలా ఎలా చేయాలి?

కప్పు కింద, గోడలకు లోపలివైపు అర మిల్లీమీటరు సందుతో ఒక చట్రం అతికించండి. అది కప్పును సరైన చోట కూర్చోబెడుతుంది, చూరు కింద వెలుగు కారకుండానూ ఆపుతుంది. స్టైరీన్‌లోంచి వెలుగు బయటికి కనిపిస్తుంది కాబట్టి లోపలి ముఖానికి ముందుగా నలుపు, దానిమీద తెలుపు వేయాలి. పాతరకం బల్బుల వేడికి స్టైరీన్ వంగుతుంది కాబట్టి ఎల్‌ఈడీలే వాడండి.

ఎన్ స్కేలుకు కూడా ఇంత వివరం అవసరమా?

వరుసలు ఉండాలి, గాట్లు అవసరం లేదు. ఎన్ స్కేలులో షింగిల్ వరుస 0.8 మి.మీ. మాత్రమే కాబట్టి గాట్లు లేని సన్నని పట్టీలు అతికించి, రంగులోనే ముక్కల తేడా చూపితే సరిపోతుంది. అచ్చువేసిన కాగితపు కప్పులు కూడా ఈ స్కేలులో, ముఖ్యంగా వెనక వరుస భవనాలకు, బాగా పనికొస్తాయి. వాటి తెల్లని కోత అంచులకు తప్పక రంగు వేయాలి. త్రీడీ ముద్రణ చేసేవారు కప్పును పడుకోబెట్టి ముద్రిస్తే పొరల మెట్లు వాలుమీద అడ్డగీతలుగా కనిపిస్తాయి. నిటారుగా నిలబెట్టి ముద్రించడం మంచిది.

పాతబడి కుంగిన కప్పు చూపించవచ్చా?

చూపించవచ్చు, అయితే కుంగడానికి కారణం కూడా కప్పులో ఉండాలి. వాసాలు, దూలాలు ఆనుకున్న చోట కప్పు నిలుస్తుంది, వాటి నడుమ దిగుతుంది. కొప్పును మధ్యలో అర మిల్లీమీటరు అరగదీసి, పైన పలుచని అట్ట అతికిస్తే నిజమనిపించేటంత కుంగుదల వస్తుంది. అంతకు మించితే భవనం కూలబోతున్నట్టు ఉంటుంది.

ఇప్పటికే అమర్చిన భవనాల కప్పులు మార్చవచ్చా?

కప్పు ఊడివస్తే మార్చడమే సులువు. దాన్నే నమూనాగా పెట్టి కొత్తది కోసుకోవచ్చు. ఊడిరాకపోతే పాత కప్పుమీది అచ్చు గీతలను ఉప్పు కాగితంతో చదును చేసి, దానిమీదే కాగితపు వరుసలు వేయండి. ముందుగా కిటికీలను, చుట్టూ ఉన్న నేలను టేపుతో కప్పుకోవాలి. భవనాలు చాలా ఉంటే లేఅవుట్ (మోడల్ రైల్వే అమర్చిన బల్ల) ముందు అంచున ఉన్న రెండు మూడింటితో మొదలుపెట్టండి. వెనకవాటికి ప్రస్తుతానికి నలుపు తగ్గించే బూడిదరంగు పూత, కొప్పునుంచి చూరుకు నాలుగు చారలు చాలు.